ఒక్క గుట్ట, ఇన్ని ప్రశ్నలా!

పోయిన నెల ఈ పేజీలో భువనగిరి గుట్ట ఫోటో ఒకటి వేసి కింద నాలుగు లైన్లు రాశాను, అంతే. ఇది ఏకశిల, అంటే గుట్టంతా ఒకే రాయి, హైదరాబాద్ నుంచి వరంగల్ పోయేవాళ్లంతా రైలు కిటికీలోంచి దాన్ని చూస్తారు, దిగి చూసేవాళ్లు మాత్రం పదిమందిలో ఒక్కరుంటే గొప్ప అన్నాను. దానికి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని మెసేజీలు వస్తాయనుకోలేదు. కొన్నింట్లో ప్రశ్నలు, కొన్నింట్లో తిట్లు (మా ఊరి గుట్ట మీద ఎందుకు రాయలేదని). అందుకే ఈ నెల పేజీ మొత్తం గుట్టకే ఇచ్చేస్తున్నా. కొందరు పేర్లు వద్దన్నారు కాబట్టి అందరికీ ఊళ్లే వేశాను.

ప్రశ్న (సికింద్రాబాద్): రోజూ కాజీపేట లైన్లో అప్ అండ్ డౌన్ చేస్తాను. చుట్టూ అంతా చదునే, మధ్యలో ఒక్కటే బండ, బోడిగుండు లాగా. అదొక చల్లారిపోయిన అగ్నిపర్వతం అని మా ఆఫీసులో ఒకాయన బిర్యానీ పందెం కాశాడు. నిజమేనా?

జవాబు: పందెం మీరే గెలిచారు, డబుల్ మసాలా ఆర్డర్ ఇవ్వండి.

అగ్నిపర్వతం నుంచి బయటికి వచ్చిన లావా గడ్డకడితే అయ్యేది నల్లరాయి, బసాల్ట్. అది కావాలంటే వికారాబాద్, తాండూరు వైపు పోవాలి. అక్కడ 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా పొరలున్నాయి. భువనగిరిది గ్రానైట్. కరిగిన రాయి బయటికి రాకుండా భూమి లోపలే, కొన్ని కిలోమీటర్ల లోతున, ఆదరాబాదరా లేకుండా చల్లారితే గ్రానైట్ అవుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లే అయిందంటే, మన గుట్ట ముందు ఎవరెస్టు కూడా నిన్న పుట్టిన పిల్లే.

మరి లోపలున్నది బయటికెలా వచ్చింది? గుట్ట పైకి లేవలేదండీ, చుట్టూ ఉన్నదే కిందికి పోయింది. ఇది అర్థమయ్యాకే నాకు గుట్టను చూసే కన్ను మారింది. ఏ రాతిలోనైనా పగుళ్లుంటాయి. పగుళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట నీళ్లు దిగి, రాయి కుళ్లి మొరం అవుతుంది, వానలకు కొట్టుకుపోతుంది. పగుళ్లు తక్కువున్న చోట నీళ్లకు దారి దొరకదు, అది మిగిలిపోతుంది. భువనగిరి అలా మిగిలిపోయిన గట్టి ముక్క. ఈసారి రైలు దిగితే చుట్టూ పొలాల్లో ఎర్ర మొరం చూడండి, ఒకప్పుడు అదీ రాయే.

ఇంకోటి. పైనున్న బరువంతా పోయేసరికి అంతకాలం నొక్కుకుపోయి ఉన్న రాయి కాస్త సాగుతుంది, సాగి పొరలు పొరలుగా విడుతుంది, ఉల్లిగడ్డ లాగే. గుట్టకు ఆ గుండ్రటి నున్నటి వీపు అందుకే వచ్చింది. ఎక్కేటప్పుడు ఒకచోట ఆగి అరచేయి పెట్టి చూడండి. దూరం నుంచి నున్నగా కనపడే బండ దగ్గరికి పోతే ఉప్పుకాగితం లాగా గరుగ్గా ఉంటుంది. లేత గులాబీ రంగులో మెరిసే గింజలు ఫెల్డ్‌స్పార్, గాజులాంటివి పలుగురాయి, నల్లగా చుక్కలు పెట్టినట్టున్నది అభ్రకం, అదే మనం చిన్నప్పుడు కాకిబంగారం అని జేబులో దాచుకున్నదాని చుట్టం. పై నుంచి కిందికి జడల్లా దిగిన నల్లటి చారలు మాత్రం రాయి రంగు కాదు, వాన నీళ్లు జారే దారిలో పెరిగి ఎండిపోయిన నాచు.

ప్రశ్న (భువనగిరి): మాది ఇదే ఊరు. బోర్డు మీద భువనగిరి, రైల్వే స్టేషన్లో భోంగిర్, మా నానమ్మ చచ్చేదాకా బోనగిరే అన్నది. ఏది కరెక్టు?

జవాబు: నానమ్మ మాట తప్పని చెప్పే ధైర్యం నాకు లేదు.

పుస్తకాల్లో చెప్పేదైతే ఇది. కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదు. 1076లో గద్దెనెక్కి, తన పేరున కొత్త శకమే మొదలుపెట్టి, 1126 దాకా ఏలినవాడు. ఈ గుట్ట మీద కోట కట్టించింది ఆయనే, అందుకే త్రిభువనగిరి, అదే భువనగిరి అయింది. ఈ ప్రాంతం ఆయనకు మారుమూలేమీ కాదు, ఇక్కడికి దగ్గర్లోని కొలనుపాక అప్పట్లో చాళుక్యులకు పెద్ద కేంద్రం. తర్వాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, నిజాములు, వచ్చిన ప్రతివాడికీ ఈ గుట్ట కావాల్సి వచ్చింది. ఉర్దూ నోట్లో పడి అది భోంగిర్ అయింది. రైల్వేవాళ్లు ఒకసారి రాసుకున్న పేరు ఊరికే మార్చరు కదా.

ఊళ్లో చెప్పుకునే కథ వేరు. బోన, గిరి అని ముసలి దంపతులిద్దరు రాజుకు ఈ గుట్టను చూపించారట, ప్రతిఫలం ఏం కావాలంటే, మా పేరు ఊరికి పెట్టు చాలన్నారట. చరిత్ర తెలిసినవాళ్లు దీన్ని కొట్టిపారేస్తారు. నాకైతే ఈ కథ పుట్టిన తీరు నచ్చుతుంది. కోటకు రాజు పేరు పెడితే, ఆ పేరునే విరిచి అందులోంచి ఇద్దరు మామూలు మనుషుల్ని బయటికి తీశారు ఊరివాళ్లు.

ప్రశ్న (ఉప్పల్): గుట్ట మీది నుంచి గోల్కొండకు సొరంగం ఉందంటారు. ఉందా?

జవాబు: లేదు. మధ్యలో యాభై కిలోమీటర్ల పైమాటే ఉంది, అంతా గ్రానైట్, చేతిలో ఉలీ సుత్తీ. మన దగ్గర ప్రతి కోటకూ ఇంకో కోటకు సొరంగం ఉంటుంది, దాన్ని చూసినవాడు మాత్రం ఎప్పుడూ మనతో మాట్లాడుతున్నవాడి తాతే.

ప్రశ్న (జనగామ): సర్వాయి పాపన్న మా జిల్లావాడు. ఆయన భువనగిరి కోట కొట్టాడని చిన్నప్పుడు కథల్లో విన్నాం. ఇదీ సొరంగం లాంటి కథేనా?

జవాబు: కాదన్నా, ఇది చరిత్రే. ఖిలాషాపురంలో సొంతంగా కోట కట్టుకున్న గౌడ్ల పాపన్న 1708లో వరంగల్ మీద పడ్డాడు, మరుసటేడు భువనగిరి మీద. అప్పటికి ఔరంగజేబు పోయి ఏడాదో రెండేళ్లో అయింది, పైన ఎవరు ఏలుతున్నారో కింద ఎవరికీ తెలియని రోజులు. 1710లో ఆయన్ని పట్టుకుని చంపేశారు. మొగలు రాతల్లో ఆయన దొంగ, జనం నోట్లో మాత్రం వీరుడు. ఒకే మనిషి మీద రెండు తీర్పులు, రెండూ ఇప్పటికీ బతికే ఉన్నాయి.

గుట్ట సంగతికొస్తే, ఇక్కడ కోటను కాపాడింది గోడలకన్నా ముందు రాయే. చుట్టూ నేల నుంచి సుమారు 500 అడుగుల ఎత్తు, చాలావైపుల నిలువు జారుడు. గోడలు కట్టింది మనుషులు ఎక్కగలిగే చోట మాత్రమే. మిగతావైపు కాపలా గుట్టదే, దానికి జీతం కూడా అక్కర్లేదు. అలాంటిదాని మీదికి తాటిచెట్లెక్కే కులంలో పుట్టినవాడు వచ్చాడంటే నాకేమీ ఆశ్చర్యం లేదు, ఎక్కడం వాళ్ల చేతుల్లోనే ఉంది.

మీరు అడక్కపోయినా ఇంకో మాట. ఈ ఊరి పేరు చెప్తే గుట్టతో పాటు 1944 కూడా గుర్తు రావాలి. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంఘం ఆంధ్ర మహాసభ, దాని పదకొండో మహాసభ ఇక్కడే జరిగింది, రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. ఆయనది పక్కనే ఉన్న బొల్లేపల్లి. మితవాదులు విడిపోవడం, సంఘం పల్లెల్లోకి వెళ్లడం, ఆ తర్వాత సాయుధ పోరాటం, అంతా ఈ సభ దగ్గర మలుపు తిరిగిందే. 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి ఆయనకు నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. కోటల గురించి మాట్లాడేటప్పుడు రాజుల దగ్గరే ఆగిపోతాం, కింద ఊళ్లో జరిగింది చెప్పం.

ప్రశ్న (హనుమకొండ): ఏకశిల అంటే మాది. ఓరుగల్లు పేరులోనే ఒక్క రాయి ఉంది. మీరేమో భువనగిరి ఏకశిల, భువనగిరి ఏకశిల అని ఊదరగొడుతున్నారు. ఆసియాలో పెద్ద ఏకశిల అని కూడా ఎక్కడో చదివాను, నమ్మాలా?

జవాబు: కోపం న్యాయమే అక్కా. ఓరుగల్లు అంటే ఒరు కల్లు, ఒక్క రాయి. దాన్నే సంస్కృతంలో ఏకశిలా నగరం అన్నారు. వరంగల్ కోట లోపల ఆ గుట్ట ఇప్పటికీ ఉంది, పిల్లలు పైకెక్కి పొద్దుగుంకేదాకా దిగరు. కొలిస్తే భువనగిరి ముందు చిన్నదే కావచ్చు కానీ, ఒక రాజధానికే పేరిచ్చిన రాయి అది, భువనగిరికి ఆ భాగ్యం లేదు.

ఆ మాట మీద తెలుగు పండితులు ఎంత కొట్టుకున్నారో మీకు తెలిసే ఉంటుంది. పోతనది ఏకశిలా నగరం అన్నారు కాబట్టి ఓరుగల్లే, బమ్మెర ఇక్కడే ఉంది అని మనం. కాదు, ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో ఉన్నారు, ఏకశిలా నగరం అంటే అదే అని కడపవాళ్లు. రాయి ఒక్కటే, దావా రెండు జిల్లాలది. నేను బమ్మెర పక్షం, ఇది ముందే చెప్పేస్తే నయం, మళ్లీ ఉత్తరాలు రాకుండా.

ఇక ఆసియాలో పెద్దది అనే మాట. కర్ణాటకలో సావనదుర్గవాళ్లూ అదే అంటారు, మధుగిరివాళ్లూ అదే అంటారు. గ్రానైట్ గుట్ట నేల మీద ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందని కొలుస్తారు? కింద అదే రాయి ఊరంతా పరుచుకుని ఉంటుంది, మీ ఇంటి బోరు వేసినప్పుడు తగిలింది కూడా అదే. కాబట్టి ఈ పోటీ వదిలేయండి.

ప్రశ్న (అట్లాంటా, అమెరికా): మా ఇంటికి అరగంట దూరంలో స్టోన్ మౌంటెన్ ఉంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అచ్చం భువనగిరి గుట్టే. నిజంగా ఒకటేనా లేక ఇంటి మీద బెంగతో అలా అనిపించిందా?

జవాబు: బెంగ కొంత, భూగోళం కొంత. రెండూ ఒకే రకం గుట్టలు, లోపల చల్లారిన రాయి పైపొరలన్నీ పోయాక బోడిగా బయటపడ్డవి. స్టోన్ మౌంటెన్ చుట్టూ నేల నుంచి 825 అడుగులు, మనదాని కన్నా ఎత్తే. వయసులో మాత్రం చిన్నది, 30 కోట్ల ఏళ్లు అటూ ఇటూ. మీకు తెలియనిది కాదు కానీ ఇక్కడి పాఠకుల కోసం చెప్తున్నా, ఆ గుట్ట ఒక పక్క ముఖం మీద గుర్రాల మీదున్న ముగ్గురి బొమ్మలు చెక్కి ఉంటాయి. జెఫర్సన్ డేవిస్, రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్. బానిసత్వం ఉండాల్సిందేనని దేశం నుంచి విడిపోయి యుద్ధం చేసిన పక్షానికి నాయకులు. 1923లో మొదలైన పని ఆగి ఆగి 1972కు పూర్తయింది. అంతకుముందు, 1915లో, నల్లవాళ్లను చంపిన కూ క్లక్స్ క్లాన్‌ను మళ్లీ లేపింది కూడా ఆ గుట్ట మీదే. అందుకే 1963లో మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో మాట్లాడుతూ స్వేచ్ఛ గంట మోగాల్సిన కొండల్లో దాని పేరు కూడా ఏరికోరి చదివాడు.

రాయి ఏ పాపమూ ఎరగదు. మన గుట్ట ముఖం మీద ఎవరూ తమ బొమ్మ చెక్కించుకోలేదు, దాక్కోవడానికి మాత్రం అందరూ ఎక్కారు. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు రెండు గుట్టలూ ఎక్కినవాళ్లుగా మీరే రెండు పేజీలు రాసి పంపండి, వేస్తాను.

ప్రశ్న (నల్గొండ): మా అమ్మాయి తొమ్మిదో తరగతి. భువనగిరిలో రాక్ క్లైంబింగ్ నేర్చుకుంటానని ఒకటే గోల. మావారు సరే అన్నారు, నాకే టెన్షన్. ఆడపిల్లకు ఇవన్నీ అవసరమా?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో చివరి వాక్యం కొట్టేసి మిగతాదానికి జవాబిస్తాను.

మాలావత్ పూర్ణ పేరు వినే ఉంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. మొదట రాయి పట్టుకున్నది ఈ గుట్ట మీదే. అక్కడి నుంచి డార్జిలింగ్, అక్కడి నుంచి 2014 మే 25న ఎవరెస్టు. అప్పటికి ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు, అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల ఇంకెవరూ లేరు. పక్కనే ఖమ్మం కుర్రాడు ఆనంద్, అతనూ గురుకులం విద్యార్థే.

టెన్షన్ సంగతి. నడుముకు హార్నెస్ ఉంటుంది, తలకు హెల్మెట్, పైనో కిందో తాడు పట్టుకుని ఒక మనిషి. మొదటిరోజు చిన్న బండ మీద కాళ్లు ఎలా పెట్టాలో నేర్పుతారు. గ్రానైట్ గరుకు కాబట్టి బూటు అడుగు మొత్తం బండకు ఆనిస్తే జారదు, భయపడి బండను కౌగిలించుకుంటేనే జారుతుంది. ఇది విన్నప్పుడు నేనూ నమ్మలేదు, నలభై దాటాక ఒకసారి ప్రయత్నించి మూడడుగులు ఎక్కాను, నాలుగోది బండను కౌగిలించుకున్నాను. మీరు అడగాల్సినవి వేరు. నేర్పేవాళ్లకు శిక్షణ సర్టిఫికెట్ ఉందా, తాళ్లు ఎప్పుడు మార్చారు, ఒక్కో గురువుకు ఎంతమంది పిల్లలు, తడి రోజుల్లో ఆపేస్తారా. మొహమాటపడకుండా అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునేవాళ్ల దగ్గర చేర్పించకండి.

ప్రశ్న (కరీంనగర్ జిల్లా, ఊరు వద్దన్నారు): భువనగిరి గుట్టకు కోట ఉంది కాబట్టి బతికింది. మా ఊరి గుట్టకు కోట లేదు, మీద చిన్న గుడి, కింద క్వారీ. సగం గుట్ట బ్లాకులై లారీలెక్కి పోయింది. ఏం చేయొచ్చో చెప్తారా, లేక పాత కథలే చెప్తారా?

జవాబు: దెబ్బ సూటిగా తగిలింది. నిజమే, మీ వైపు గుట్టల రాయికి విదేశాల్లో గిరాకీ, అక్కడ ఎవరి వంటింటి గట్టు అవుతుందో మనకు తెలియదు. మన దగ్గర కోట ఉంటే వారసత్వం, ఒట్టి గుట్టయితే ముడిసరుకు. నాకు నచ్చనిది సరిగ్గా ఇదే. కోట వయసు వెయ్యేళ్లు కూడా లేదు, దాని కింది రాయికి 250 కోట్లు, కాపాడేది మాత్రం వెయ్యేళ్లదాన్నే. హైదరాబాద్‌లో బండల కోసం కొందరు సంఘం పెట్టి పోరాడి, కొన్ని రాతి సముదాయాలను వారసత్వ జాబితాలోకి ఎక్కించారు, అది కూడా నగరం కాబట్టి సాధ్యమైంది.

పని సంగతి. ముందు కాగితాలు చేతికి రావాలి. సమాచార హక్కు చట్టం కింద జిల్లా గనుల శాఖ ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి లీజు కాపీ, ఏ సర్వే నంబర్లలో ఎన్ని ఎకరాలు, ఎప్పటిదాకా, పర్యావరణ అనుమతి కాపీ, పేలుళ్ల అనుమతి. చాలాచోట్ల లీజు ఐదెకరాలకుంటే తవ్వకం ఎనిమిదిలో ఉంటుంది, అది కొలతలో తేలిపోతుంది. గుడి చుట్టూ ఉన్న భాగం, చెరువులోకి నీళ్లు దిగే వాలు, ఈ రెండూ గ్రామసభ తీర్మానంలో విడివిడిగా రాయించండి, ఆ కాపీతోనే కలెక్టర్ దగ్గరికి పోండి. ఒట్టి సెంటిమెంటు మీద రాసిన అర్జీ ఫైల్లో పడుకుంటుంది, నంబర్లున్న అర్జీకి ఎవరో ఒకరు జవాబు రాయాల్సి వస్తుంది. పోయిన సగం తిరిగి రాదు. మిగిలిన సగానికి ఫోటోలు తీసి తేదీతో దాచిపెట్టుకోండి.

ప్రశ్న (విజయవాడ): ఫ్యామిలీతో వద్దామనుకుంటున్నాం. ఎప్పుడు రావాలి, ఏం తెచ్చుకోవాలి, పైన చూడ్డానికి ఏముంది?

జవాబు: ఎండాకాలం వద్దు. బండ పొద్దున ఎనిమిదికే కాలడం మొదలుపెడుతుంది, మధ్యాహ్నానికి అది పెనం. వాన పడుతుంటే అసలే వద్దు, నాచున్నచోట కాలు నిలవదు. వానాకాలం అయిపోయి చలి మొదలయ్యే రోజుల్లో, పొద్దున్నే రండి. మెట్లు కొంతదూరం బండలోనే తొలిచినవి, వరస సమానంగా ఉండదు, కాబట్టి ఫ్యాన్సీ చెప్పులు కారులో వదిలేయండి. నీళ్లు తెచ్చుకోండి, తినేవి బయటికి కనపడనీయకండి. కోతులు ఒకసారి నా సంచీ లాక్కుపోయాయి, చిప్స్ తిన్నాయి సరే, ఇంటి తాళంచెవి ఉన్న పర్సును లోయలోకి విసిరేశాయి. ఆ రాత్రి తాళం పగలగొట్టించి ఇంట్లోకి పోయాం.

పైన చాలామంది పాడుబడ్డ బారాదరి (చుట్టూ ద్వారాలున్న మండపం) దగ్గర సెల్ఫీలు దిగి, కింద ఊరు, రైలు పట్టాలు, వరంగల్ హైవే చూసి దిగిపోతారు. మీరు ఇంకో పావుగంట ఉండండి. వాన నీళ్లు పట్టడానికి బండలో ఉన్న గుండాలు వెతకండి, ఇంత ఎత్తు బండ మీద కోటను బతికించింది అవే. ఫిరంగి కన్నా ముందు నీళ్లు ఉండాలి కదా. కొన్ని గుండాల పక్కన రాతిలో వరసగా చిన్న చిన్న చతురస్రపు గాట్లు కనిపిస్తాయి. రాళ్లు కొట్టేవాళ్లు చీలలు దిగ్గొట్టి బండను చీల్చడానికి పెట్టుకున్నవి. ఒక వరసలో నాలుగు గాట్లు పూర్తిగా దిగి, ఐదోది సగంలో ఆగిపోయి ఉంటుంది ఒక్కోచోట. మధ్యలో ఎవరు పిలిచారో, ఎందుకు లేచిపోయాడో. పిల్లలుంటే వాళ్లకు అది చూపించకండి, వాళ్లకు గుండంలో తోకకప్పలే కావాలి. వానలు పోయిన కొత్తల్లో వస్తే ఉంటాయి.